పదకొండో ప్రశ్న

మార్చి 4

కమిటీ నా అర్జీ ఒప్పుకుంది. ఒక్క ప్రశ్న కూడా అడగకుండా ఒప్పుకుంది. నాకు నచ్చనిది అదే.

పురుషోత్తం గారు ఈ పాత బొగ్గుగనిలో మా మూడో సీమ్, అంటే మూడో పొర, కమిటీ అధ్యక్షుడు. గదుల వరసకో బిందె నీళ్ళు ఎక్కువ ఇవ్వమంటే నాలుగు నెలలు తిప్పే మనిషి. అలాంటి ఆయన నా అర్జీ మీద నిలబడే సంతకం పెట్టాడు. పైగా "మంచి ఆలోచన కోమల గారూ" అన్నాడు. ఆయన నోట నేను ఆ మాట వినడం ఇదే మొదటిసారి.

అర్జీలో రాసింది చిన్న సంగతి. బిడ్డ పుట్టిన ప్రతి ఇంటికీ మూడు నెలల పాటు వారానికోసారి ఒక మనిషి వెళ్ళాలి. కాసేపు కూర్చోవాలి. తల్లి తిన్నదా, నిద్రపోయిందా, తండ్రికి ఏమైనా పాలుపోతోందా చూడాలి. అంతే.

ఎందుకు రాశానంటే సుకన్య వల్ల. జనవరిలో నాలుగో వరసలో ఆ పిల్లకు బిడ్డ పుట్టింది. కమిటీ ఇచ్చిన ఊయల రోజూ "పాప క్షేమం" అని కబురు పంపుతూనే ఉంది. పాప నిజంగా క్షేమమే. సుకన్య మాత్రం నాలుగు రోజులుగా అన్నం ముట్టలేదు. గోడకానుకుని కూర్చున్న చోటి నుంచి లేవలేదు. భర్త షిఫ్టుకు పోతూ వస్తూ, అలసిపోయిందిలే అనుకున్నాడట. చివరికి బిందె అడగడానికి వచ్చిన పక్కింటావిడ చూసింది. ఊయలకు తల్లి కనపడదు.

ఈ ఊయలలు వచ్చి ఏడేళ్ళు. బరువు తూస్తాయి, ఏడుపు వింటాయి, "పాపకు ఆకలిగా ఉంది, ఎడమవైపు పట్టండి" అని ఆడగొంతుతో చెప్తాయి. అవి రాకముందు ఆ పని నాది. నర్సును. అవి వచ్చాక నన్ను దీపాల గదిలో వేశారు. అప్పటి నుంచి టోపీ దీపాలకు చార్జింగు పెడుతున్నాను.

నాతో తిరగడానికి ఓదెలు వస్తున్నాడు. గనిలోకి గాలి తోలే ఫ్యాన్ హౌస్‌లో పని, ముగ్గురు పిల్లల తండ్రి. మగవాళ్ళతో మాట్లాడడానికి మగమనిషి ఉంటే మంచిదని నేను ఇంకా అనుకుంటుండగానే, తన పేరు తానే ఇచ్చాడు. అతనికి ఇంత తొందర ఎందుకో తెలియలేదు.

మార్చి 9

కాగితాలు అచ్చయి వచ్చాయి. నేను రాసిచ్చినవి పది ప్రశ్నలు. అచ్చులో పదకొండు ఉన్నాయి.

పదకొండోది: "గదిలో రోజూ ఎంతమంది పడుకుంటున్నారు?"

కమిటీ ఆఫీసుకు వెళ్ళి, ఇది నేను రాయలేదన్నాను. గుమస్తా తలెత్తకుండానే, "పై నుంచి వచ్చిందక్కా" అన్నాడు. పురుషోత్తం గారు లోపలే ఉన్నారు గానీ తీరిక లేదన్నారు.

ఈ ప్రశ్న ఎవరినైనా భయపెడుతుంది. బొగ్గు తీసేసిన ఈ గనిలోకి మేము ఎండలు భరించలేక దిగి ముప్పై ఏళ్ళు దాటింది. ఇక్కడ గాలిని మనిషికి ఇంత అని లెక్కకట్టి వదులుతారు. గదికి ఇద్దరు, లేదా ముగ్గురు. బిడ్డ పుడితే బిడ్డనూ మనిషిగానే లెక్కేస్తారు. అప్పుడు ఎక్కువైన మనిషి ఐదో సీమ్‌కు దిగాలి. దిగేది సాధారణంగా అమ్మమ్మో నానమ్మో. అక్కడ ఉక్క, తడి. పైకి వచ్చే లిఫ్టు వారానికి ఒక్కసారి.

బిడ్డను ఎత్తుకోవడం వచ్చిన మనిషిని కిందికి పంపేసి, ఆమె చోటులో ఊయలను పెట్టారు. నేను నా అర్జీలో ఈ మాట రాయలేదు. రాయాల్సిందేమో.

మార్చి 16

మొదటి వారం ఓదెలూ నేనూ కలిసి పదకొండు ఇళ్ళు తిరిగాం. తలుపులు తెరిచారు, పీట వేశారు, టీ కూడా ఇచ్చారు. కానీ ఇంటికి వచ్చి కాగితాలు పక్కపక్కన పరిచి మళ్ళీ చదవాల్సి వచ్చింది.

ఆరు ఇళ్ళల్లో ఆరుగురు తల్లులు ఒకే వాక్యం చెప్పారు. "పాప మంచిగ పాలు తాగుతున్నది, నేను రెండు పూటల తింటున్న, నిద్రకు కొదువ లేదు." మాట తేడా లేదు. నేను విన్నది విన్నట్టు రాస్తాను, అందుకే పట్టుబడింది. ఆ ఆరుగురిలో ఒకరి కళ్ళ కింద నల్లటి గుంతలు నేను చూశాను. నిద్రకు కొదువ లేదట.

పదకొండో ప్రశ్నకు పదకొండు ఇళ్ళల్లోనూ ఒకే జవాబు: "ముగ్గురం."

ఊయలల మీద అనుమానం వచ్చింది. అవి మాట్లాడతాయి. మేము వెళ్ళకముందే ఏం చెప్పాలో నేర్పుతున్నాయా? ప్రతి ఇంట్లోనూ నేను ప్రశ్న అడగ్గానే తల్లి కళ్ళు ఊయల వైపు వెళ్తున్నాయి. అది నా భ్రమ కూడా కావచ్చు.

మార్చి 24

ఈ వారం కాగితంలో లేని ప్రశ్న ఒకటి అడిగాను. "బిడ్డ పుట్టినంక నీకు అన్నిటికంటె ఎక్కువ కోపం ఎవరి మీద వచ్చింది?" అందరూ తడబడ్డారు. ఇద్దరు నవ్వారు. ఒక పిల్ల కళ్ళు తుడుచుకుని, "నా మీదనే" అంది. ఆమెతో గంటసేపు కూర్చున్నాను. కాగితంలో లేని ప్రశ్నకు జవాబు ఎవరూ నేర్పలేదన్నమాట.

ఇంకో సంగతి తేలింది. పాఠం అప్పజెప్పినట్టు ఒకే వాక్యం చెప్పిన ఆరు ఇళ్ళూ ఓదెలు ఇంటి దగ్గరివే. నాకన్నా ముందు అతను ఆ దారిన వెళ్తాడు.

తొమ్మిదో వరసలో తిరుపతి, వెన్నెల దంపతుల గది దగ్గర మాత్రం తలుపు పూర్తిగా తెరుచుకోలేదు. బిడ్డ పుట్టి ఐదు రోజులు. తిరుపతి తలుపు సందులో అడ్డంగా నిలబడ్డాడు. పాతికేళ్ళుంటాయి. ఓదెలు కిందే పనిచేస్తాడు.

"అందరం మంచిగున్నం మేడం. వెన్నెల పండుకున్నది."

"బిడ్డను ఒక్కసారి చూసి పోత బిడ్డా."

"ఊయల చూస్తున్నది గద. నువ్వెందుకు?"

మర్యాదగానే అన్నాడు. కానీ తలుపు మీద నుంచి చెయ్యి తీయలేదు. లోపల ఎవరో దగ్గారు. పెద్ద వయసు దగ్గు.

మార్చి 27

షిఫ్టు మారే వేళ ఫ్యాన్ హౌస్ బయట ఓదెలును పట్టుకున్నాను. అక్కడ ఫ్యాన్ మోతలో పక్క మనిషికి తప్ప ఇంకెవరికీ వినపడదు.

"ఇండ్లల్ల జవాబులు నువ్వే నేర్పుతున్నవా?"

అబద్ధమాడతాడనుకున్నాను. ఆడలేదు.

"అవునక్కా. నేనే."

"ఎందుకు? తల్లులు చెప్పుకుంటరనే గద మనం తిరిగేది?"

అతను చేతులు తుడుచుకున్న గుడ్డను మడిచాడు, మళ్ళీ విప్పాడు. "ఎనిమిదేండ్ల కింద ఏడో వరసల జమునకు కాన్పు చేసినవ్. యాదికున్నదా?"

గుర్తుంది. సన్నటి పిల్ల, కవలలు.

"నా చెల్లె. నువ్వు కాగితం మీద రాసినవ్, 'గది ఇరుకు, పిల్లలకు గాలి చాలుతలేదు' అని."

"పెద్ద గది ఇస్తరని రాసిన."

"పెద్ద గదే ఇచ్చిండ్రు," అన్నాడు ఓదెలు. "ఐదో సీమ్‌ల."

జమునకు గది మారిందని అప్పట్లో ఎవరో అంటే, నా కాగితం పనిచేసిందని సంతోషపడ్డాను. ఎక్కడికి మారిందని అడగలేదు.

"నువ్వు మల్ల ఇండ్లకు పోతున్నవంటే, నీ ఎంబడి ఉండాలనుకున్న. నువ్వేం రాస్తున్నవో చూడాలని. నువ్వు మంచిదానివే అక్కా. కాగితమే మంచిది గాదు."

ఇన్నాళ్ళూ నేను అతన్ని అనుమానించాను. అతను నా మీదే కాపలా ఉన్నాడు.

ఏప్రిల్ 2

ఈ రోజు మధ్యాహ్నం దీపాల గదికి ఓదెలు పరుగున వచ్చాడు. తిరుపతి రెండు షిఫ్టులు రాలేదట. ఈ రోజు వచ్చి, జ్వరానికి గోలీ ఉందా అని అడిగాడట. ఎవరికని అడిగితే చెప్పలేదు.

"నీకు చెప్పొద్దనే అనుకున్న," అన్నాడు ఓదెలు. "కాని బాలింత జ్వరం అంటే నాకు భయమైతది."

ఇద్దరం వెళ్ళాం. తిరుపతి మళ్ళీ అడ్డం నిలబడ్డాడు. ఈసారి ఓదెలు అతని భుజం పట్టుకుని, "నేను జామీను, జరుగు" అన్నాడు.

లోపల వాసనతోనే నాకు విషయం తెలిసిపోయింది. వెన్నెల ఒళ్ళు కాలుతోంది. పొత్తికడుపు మీద చెయ్యి వేస్తే అరిచింది. కాన్పయ్యాక గర్భసంచికి చీము పట్టింది. అప్పటికే నాలుగు రోజుల జ్వరం. ఇంకో రెండు రోజులు ఆగితే ప్రాణానికే ముప్పు. పక్కనే ఊయల మెత్తటి గొంతుతో, "పాప బరువు బాగుంది. అభినందనలు" అంటోంది.

చీర కట్టిన తెర వెనక నుంచి ఒక ముసలావిడ బయటికి వచ్చింది. వెన్నెల తల్లి మల్లవ్వ. బిడ్డ పుట్టిన మర్నాడే ఆమె ఐదో సీమ్‌కు దిగాలి. లిఫ్టు ఎక్కినట్టు ఎక్కి, వెనక నుంచి దిగి వచ్చేసింది. ఆమె కనపడుతుందనే ఎవరినీ లోపలికి రానివ్వలేదు. డిస్పెన్సరీకి కూడా కబురు పెట్టలేదు.

"రాసుకుంటవా?" అంది మల్లవ్వ నా సంచిలోని కాగితాలు చూస్తూ. "రాసుకో. ముందుగాల్ల నా బిడ్డకు సూది వెయ్యి."

డిస్పెన్సరీ డాక్టరమ్మతో ఫోనులో మాట్లాడి, మందు తెచ్చి సూది వేశాను. డాక్టరమ్మ సాయంత్రం తానే వచ్చి చూసింది. తెర వైపు చూసి చూడనట్టే వెళ్ళిపోయింది.

ఏప్రిల్ 10

రోజుకు మూడుసార్లు వెళ్ళి సూదులు వేస్తున్నాను. వెన్నెల జ్వరం నిన్నటితో దిగింది. ఈ రోజు జావ తాగి, బిడ్డను తానే అడిగింది.

మల్లవ్వ నన్ను ఇంకా నమ్మదు. నేను కలం తీస్తే చాలు, నా చేతి వైపు చూస్తుంది. అయినా పక్కన కూర్చుంటుంది, మాట్లాడుతుంది.

"నీ పెనిమిటేం జేస్తడు?"

"పైన సోలారు పలకలు తుడిచే పనికి పోయిండు."

"ఎప్పుడొస్తడు?"

"వస్తడు," అన్నాను.

ఆమె బిడ్డ గుడ్డలు తీసి మడత పెట్టసాగింది.

వారం కాగితం నింపాలి. పదకొండో ప్రశ్న దగ్గర చెయ్యి ఆగింది. నలుగురు. నా కళ్ళతో చూశాను. నర్సుగా ఇరవై ఏళ్ళలో నేను ఒక్క అబద్ధం కూడా రాయలేదు. జమున గురించి రాసింది కూడా నిజమే.

"ముగ్గురు" అని రాశాను.

ఏప్రిల్ 14

పురుషోత్తం గారు పిలిచారు. కుర్చీ వేయించారు. నాకు ఆఫీసులో ఎప్పుడూ కుర్చీ వేయలేదు.

"తొమ్మిదో వరస, తిరుపతి ఇల్లు. మీరు మూడు అని రాశారు కోమల గారూ. ఊయల నాలుగు అంటోంది."

"ఊయల బిడ్డను గద సార్ చూసేది?"

"బిడ్డ ఊపిరిని వింటుంది. దాన్ని వేరుగా పోల్చుకోవాలంటే గదిలో మిగతా ఊపిరులు లెక్కపెట్టాలి కదా. మొదటి రోజు నుంచీ లెక్కపెడుతూనే ఉంది."

ఏడేళ్ళు. కమిటీ ఎవరికీ చెప్పలేదు.

"అన్నీ తెలిసినంక, నన్నెందుకు అడిగిండ్రు?"

"మీరేం రాస్తారో తెలియాలి కదండీ," అన్నారాయన. కోపం లేదు, వెటకారం లేదు. అలా అనడమే నాకు భయం కలిగించింది. "ముప్పై ఒక్క ఇళ్ళలో పధ్నాలుగు చోట్ల తేడా ఉంది. పదమూడు చోట్ల వాళ్ళు మీకు అబద్ధం చెప్పారు. ఒక్కచోట మీరు నాకు చెప్పారు. దిద్దేయండి. మీ కార్యక్రమం నడుస్తుంది. ఇంకో నలుగురు మనుషుల్ని కూడా ఇస్తాను."

కలం నా ముందుకు జరిపారు. దిద్దితే మల్లవ్వ లిఫ్టు ఎక్కుతుంది. దిద్దకపోతే ముప్పై ఒక్క ఇళ్ళకు వెళ్ళే మనిషి ఉండదు. ఇంకో సుకన్యను బిందె అడగడానికి వచ్చిన పక్కింటావిడ చూసేదాకా ఆగాలి.

అప్పుడు ఈ డైరీలో ఇన్నాళ్ళూ రాయని సంగతి ఒకటి చెప్పాను. నా గది ఇద్దరిది. నా భర్త రాజలింగు పైన పనికి పోయి రెండేళ్ళయింది. దుమ్ము తుఫానులో చిక్కిన పదిమందిలో ఏడుగురి శవాలు దొరికాయి. అతను దొరకలేదు. ఆరు నెలలకోసారి గుమస్తా కాగితం ఇస్తాడు. "తిరిగి వస్తాడని ఎదురుచూస్తున్నాను" అన్న వాక్యం కింద సంతకం పెడతాను. సంతకం ఉన్నంతకాలం అతని చోటు అతనిదే. నా గదిలో ఇద్దరి గాలి వీస్తుంది, ఒక్కదాన్ని పీలుస్తాను. ఇంటింటికీ వెళ్ళి ఎంతమంది పడుకుంటున్నారని అడిగిన మనిషి లెక్కే తప్పు.

"ఆ చోటు మల్లవ్వకిస్త," అన్నాను. "ఆమె రాత్రి నా గదిల పండుకుంటది, పగలు బిడ్డ దగ్గరుంటది. మీ ఊయలకు తక్కువ గాదు, ఎక్కువ గాదు."

"నియమం ప్రకారం కుదురుతుంది," అన్నారాయన ఫైలు తిరగేసి. "మిగతా పదమూడు ఇళ్ళూ?"

"వాటికి ఊయలనే అడుగుండ్రి. పదకొండో ప్రశ్న నేనిక అడగ."

ఆయన ఫైలు మూశారు. కార్యక్రమం ఆపమని అనలేదు, నడపమనీ అనలేదు. "వెళ్ళిరండి" అన్నారు. అంత తేలిగ్గా ఎందుకు వదిలారో ఇప్పటికీ అంతుపట్టలేదు.

ఏప్రిల్ 15

గుమస్తా వేరే కాగితం తీశాడు. దీని మీద వాక్యం వేరు. ఓదెలు, తిరుపతి సాక్షులుగా వచ్చారు.

"చనిపోయిన తేదీ ఏం రాయాలక్కా?"

"తెల్వది."

"ఏదో ఒకటి రాయాలి. ఖాళీ ఉంటే చెల్లదు."

తుఫాను వచ్చిన రోజు రాయమందామనుకున్నాను. కానీ ఆ రోజు తర్వాత రెండేళ్ళు అతను నాతోనే ఉన్నాడు. రెండు కంచాలు కడిగాను.

"ఇయ్యాల్టి తేదీ రాయి," అన్నాను.

తిరుపతి తల వంచుకున్నాడు. బయటికి వచ్చాక ఓదెలు నా వెంట దీపాల గది దాకా నడిచాడు. ఆ పూట దీపాలన్నీ అతనే చార్జింగుకు పెట్టాడు.

ఏప్రిల్ 21

మల్లవ్వ వచ్చి ఐదు రోజులు. మూట విప్పలేదు. తలకింద పెట్టుకుని పడుకుంటోంది. నేను దీని కోసం ఆమె నుంచి ఏం అడుగుతానో అని ఎదురుచూస్తున్నట్టుంది. తెల్లవారగానే కూతురింటికి వెళ్ళిపోతుంది. నిన్న మాత్రం వస్తూ వస్తూ నాకు గిన్నెలో చారు తెచ్చింది. ఎందుకని అడగలేదు. తిన్నాను.

ఓదెలూ నేనూ ఆ పదమూడు ఇళ్ళకూ వెళ్ళాం; అవి ఏవేవో అతను ముందే ఆరా తీశాడు. కాగితాలు లేకుండా వెళ్ళాం. ప్రతి ఇంట్లో, ఊయల ముందే గట్టిగా చెప్పాను: "ఇది మీ ఊపిర్లు లెక్కపెడుతున్నది. మీరు నాకు ముగ్గురని చెప్పినా దీనికి తెలుసు." కొందరు బిడ్డను ఊయల్లోంచి తీసి గుండెకు హత్తుకున్నారు. ఒకాయన నన్ను తిట్టాడు, ఇన్నాళ్ళకా చెప్పేది అని. ఇంకొకరు, నన్ను కమిటీయే పంపిందని, భయపెట్టి ముసలివాళ్ళను తీయించడానికే ఈ నాటకమని అన్నారు. నేను వాళ్ళయినా అలాగే అనుకునేదాన్ని.

నాలాగా గదిలో చోటు ఖాళీగా ఉండి దాచుకున్నవాళ్ళు మా సీమ్‌లో ఇంకా ఉన్నారు. ఓదెలుకు ఎవరెవరో తెలుసు. నాలుగు గదుల వాళ్ళు ఒప్పుకున్నారు. నలుగురు ముసలివాళ్ళకు చోటు దొరికింది. తొమ్మిది మందికి దొరకలేదు. కమిటీ ఇంకా ఎవరినీ దించలేదు. ఎప్పుడు దించుతుందో తెలియదు.

ఏప్రిల్ 26

ఈ రోజు దీపాలు సర్దుతుంటే, ఎప్పుడూ చూడని మనిషి ఒకతను కిటికీ దగ్గరికి వచ్చాడు. పన్నెండో వరస అన్నాడు, పేరు శ్రావణ్ అన్నాడు. ముప్పై ఏళ్ళుంటాయి. బూట్లు శుభ్రంగా ఉన్నాయి. గనిలో పనిచేసే వాళ్ళ బూట్లు అంత శుభ్రంగా ఉండవు.

"ఇండ్లకు పోయేది నువ్వేనా అక్కా?"

"ఎందుకు?"

"మా ఆమెకు కాన్పయి పదిరోజులు. మూడు రోజుల సంది మాట్లాడ్తలేదు. బిడ్డ దిక్కు చూస్తలేదు." గొంతు తగ్గించలేదు. అతని వెనక మరో ఇద్దరు దీపాల కోసం నిలబడి ఉన్నారు. "మా గదిల నలుగురం ఉన్నం. మా నాయన గూడ ఉన్నడు. నువ్వు అడగకముందే చెప్తున్న."

అడగకముందే ఎందుకు చెప్తున్నాడు? ఇంతమంది వినేలా ఎందుకు చెప్తున్నాడు? పన్నెండో వరసలో ఈ నెల కాన్పు జరిగినట్టు నా పట్టీలో లేదు. నేను విన్నది దాస్తానో, పోయి చెప్తానో చూడడానికి పురుషోత్తం గారు పంపిన మనిషి కావచ్చు. నిజంగా భార్య గోడకానుకుని కూర్చున్న మనిషీ కావచ్చు. అతని ముఖంలో వెతికాను. నిద్రలేని కళ్ళు. అవి కూడా ఎవరికైనా ఉండొచ్చు.

"ఏమన్న తిన్నదా?" అని అడిగాను.

"నిన్న పొద్దుగాల ఒక బుక్క." అతను కిటికీ చట్రం పట్టుకున్నాడు. "నాకేం చెయ్యాల్నో తెలుస్తలేదు అక్కా."

దీపాల పెట్టె మూసి తాళం వేశాను. సంచిలోంచి కాగితాలు తీసి బల్ల మీద పెట్టేశాను. ఒక దీపం మాత్రం తీసుకున్నాను.

"నడువు," అన్నాను. "దారి నువ్వు ముందుండి చూపియ్యి."